ధారాళంగా మాట్లాడే వలస విద్యార్థి తరగతిలో ఎందుకు తడబడతాడు, అతనికి ఎలా తోడ్పడాలి

మీరు అడిగిన విషయం క్లుప్తంగా ఇది. రెండేళ్ల కిందట తల్లిదండ్రులతో కలిసి, ఇంగ్లీషులో బోధన జరిగే దేశానికి వలస వచ్చిన పదహారేళ్ల అబ్బాయికి మీరు స్వచ్ఛందంగా చదువు చెబుతున్నారు. అతను ఇంగ్లీషు ధారాళంగా మాట్లాడతాడు, స్నేహితులు ఉన్నారు, బడి మానడు. అయినా సైన్సులోనూ చరిత్రలోనూ మార్కులు పడిపోతున్నాయి. వచ్చే ఏడాది అతన్ని పై చదువులకు దారితీయని తేలికపాటి కోర్సుల్లోకి మారుద్దామని బడివారు సూచించారు. తల్లిదండ్రులిద్దరూ షిఫ్టుల్లో పనిచేస్తారు, ఇంటికి వచ్చే ప్రతి ఉత్తరాన్నీ ఆ అబ్బాయే చదివి చెప్పాలి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదని రాశారు. కొత్తగా వచ్చిన పిల్లలకు భాష నేర్పే ఉపాధ్యాయురాలిగానూ, తరువాత ఉన్నత పాఠశాలలో కౌన్సెలరుగానూ కలిపి ఇరవై రెండేళ్లు పనిచేశాను. ఆ అనుభవంలో నాకు నిలకడగా కనిపించిన సంగతులను మీ ముందు పెడుతున్నాను.

అన్నిటికంటే ముందు, ఆ కోర్సుల మార్పుకు కుటుంబం ఇప్పుడే సంతకం చేయకుండా చూడండి. తేలిక కోర్సుల్లోకి దిగడానికి ఒక సంతకం చాలు. అక్కడినుంచి తిరిగి పైకి రావడానికి మాత్రం పోగొట్టుకున్న పాఠాలను, పరీక్షలను, ఒక్కోసారి పూర్తిగా ఒక ఏడాదిని మళ్లీ సంపాదించుకోవాలి. బడివారు దురుద్దేశంతో ఈ సూచన చేశారని నేను అనుకోను. మార్కులు పడిపోతున్న పిల్లవాడికి భారం తగ్గిస్తే ఊపిరి పీల్చుకుంటాడని వారు నిజంగానే నమ్ముతారు. కాని మార్కులు ఎందుకు పడిపోతున్నాయో తేల్చకుండా భారం తగ్గించడమంటే రోగమేమిటో చూడకుండా మందు ఇవ్వడమే.

ఆ కారణం, మీరు రాసినదాన్ని బట్టి చూస్తే, చాలావరకు భాషలోనే ఉంది. అతను మాట్లాడుతున్న భాష, పాఠ్యపుస్తకంలో ఉన్న భాష రెండూ ఇంగ్లీషే అయినా, నేర్చుకునే కాలం దృష్ట్యా అవి రెండు వేర్వేరు భాషలతో సమానం. కెనడాకు చెందిన విద్యావేత్త జిమ్ కమిన్స్ 1979లో ఈ తేడాను స్పష్టంగా సూత్రీకరించారు. ఆట స్థలంలో, బస్సులో, ఫోనులో మాట్లాడే వ్యవహార భాష ఒకటి. ఎదుటి మనిషి ముఖం, చేతి సైగ, చుట్టూ ఉన్న వస్తువులు అర్థానికి తోడ్పడతాయి కనుక అది త్వరగా పట్టుబడుతుంది. ఏ సైగా ఏ వస్తువూ తోడు లేకుండా, కాగితం మీది వాక్యాల నుంచే అర్థాన్ని పట్టుకోవలసిన చదువు భాష మరొకటి. టొరంటో బడుల్లోని వలస విద్యార్థుల ఫలితాలను పరిశీలించి 1981లో ఆయన చెప్పిన లెక్క ప్రకారం, మొదటిదానికి సుమారు రెండేళ్లు సరిపోతే, రెండోదానిలో తోటి పిల్లల స్థాయికి చేరడానికి అయిదు నుంచి ఏడేళ్లు పడుతుంది.

ఇప్పుడు మీ విద్యార్థి వయసుతో ఆ లెక్క వేయండి. పద్నాలుగో ఏట వచ్చిన పిల్లవాడికి అయిదేళ్లు కలిపితే పంతొమ్మిది, ఏడేళ్లు కలిపితే ఇరవై ఒకటి వస్తుంది. మామూలుగా పద్దెనిమిదో ఏట బడి ముగుస్తుంది. అంటే ఆ అబ్బాయి వెనకబడలేదు, రెండేళ్లలో ఎవరైనా ఎంత దూరం రాగలరో అంత దూరమే వచ్చాడు. బడి గడియారం అతని కోసం ఆగదు కాబట్టి మాత్రమే వెనకబడినట్టు కనిపిస్తున్నాడు. ఈ ఒక్క లెక్కను అతనికీ, తల్లిదండ్రులకూ, ఉపాధ్యాయులకూ కాగితం మీద వేసి చూపించండి. తనకు తెలివి లేదేమోనని లోలోపల కుమిలిపోతున్న పిల్లలు ఈ లెక్క చూసినప్పుడు వారి ముఖంలో వచ్చే మార్పును నేను ఎన్నోసార్లు చూశాను. అమెరికాలో వర్జీనియా కొలియర్ జరిపిన పరిశీలనల్లో కూడా, పన్నెండు నుంచి పదిహేనేళ్ల మధ్య వచ్చి, రెండో భాషలోనే నేరుగా చదువు సాగించవలసి వచ్చిన పిల్లలకే ఎక్కువ కష్టమైందని తేలింది. ఎనిమిది నుంచి పదకొండేళ్ల మధ్య, సొంత భాషలో కొన్నేళ్లు చదువుకుని వచ్చినవారు అందరికంటే త్వరగా అందుకున్నారు.

చదువు భాష అనగానే చాలామంది శాస్త్ర పదాల పట్టిక తయారు చేసి బట్టీ పట్టిస్తారు. నేనూ మొదటి కొన్నేళ్లు అదే చేశాను. ఒకసారి భౌతికశాస్త్రం పరీక్ష రాసి వచ్చిన విద్యార్థి పక్కన కూర్చుని, ప్రశ్నపత్రంలో అర్థంకాని మాటల కింద గీత గీయమని అడిగాను. కరెంటు, వోల్టేజి, రెసిస్టెన్స్ వంటి మాటల కింద ఒక్క గీతా లేదు. అతను గీత గీసినవి అన్‌లెస్ (అయితే తప్ప), రెస్పెక్టివ్లీ (వరుసగా), వేరాజ్ (కాగా), ప్రొవైడెడ్ దట్ (అన్న షరతు మీద) అనే మాటల కింద. ‘అన్‌లెస్’ను ‘లెస్’తో కలిపి ‘తక్కువగా’ అని అర్థం చేసుకున్నాడు, దాంతో సర్క్యూటు తెలిసినవాడికి లెక్క మొత్తం తలకిందులైంది. శాస్త్ర పదాన్ని ఉపాధ్యాయుడు బోర్డు మీద రాసి వివరిస్తాడు, ఈ చిన్న మాటలను అందరికీ తెలిసినవే అనుకుని ఎవరూ వివరించరు. ‘టేబుల్’ అంటే బల్ల అని, ‘వాల్యూమ్’ అంటే శబ్దం హెచ్చుతగ్గులని, ‘ప్రొడక్ట్’ అంటే అంగట్లో అమ్మే వస్తువని తెలిసిన పిల్లవాడికి ఆ మాటలే లెక్కల తరగతిలో పట్టిక, ఘనపరిమాణం, లబ్ధం అని ఎవరో ఒకరు చెప్పాలి. చరిత్రలో అయితే ప్రశ్న మొదట్లో ఉండే క్రియాపదమే కీలకం. పోల్చమన్నారా, సమర్థించమన్నారా, అంచనా వేయమన్నారా అన్నది తెలియకపోతే, తెలిసినదంతా రాసి కూడా సగం మార్కులే తెచ్చుకుంటాడు.

కాబట్టి మీ దగ్గరున్న వారానికి రెండు మూడు గంటలను హోంవర్కు పూర్తి చేయించడానికి ఖర్చు పెట్టవద్దు. వచ్చే వారం తరగతిలో చెప్పబోయే పాఠంలోంచి ఒకే ఒక్క పేరా తీసుకోండి. ముందు ఆ విషయం గురించి అతనికి సొంత భాషలో ఏమి తెలుసో మాట్లాడనివ్వండి. మీకు ఆ భాష రాకపోయినా ఫరవాలేదు, అదే భాష తెలిసిన పై తరగతి విద్యార్థి ఒకరు పక్కన ఉంటే చాలు. తరువాత పేరా చదివి, ఏ మాట ఏ వాక్యాన్ని దేనితో ముడిపెడుతోందో గుర్తించమనండి. ఆపైన పుస్తకం మూసి తన మాటల్లో చెప్పమనండి, చివరికి నాలుగైదు వాక్యాలు రాయమనండి. ఒక పేరాకు నలభై నిమిషాలు పట్టవచ్చు, పట్టనివ్వండి. పాఠాన్ని ముందుగానే ఒకసారి చూసి తరగతిలోకి వెళ్లిన పిల్లవాడు చెయ్యెత్తుతాడు. చెయ్యెత్తే పిల్లవాడిని ఉపాధ్యాయుడు గమనిస్తాడు. పుస్తకాన్నే తేలిక చేసి ఇవ్వాలన్న ఆలోచన దయతో పుట్టినదే అయినా, తేలిక పుస్తకంతో గట్టి భాష రాదని నా దృఢమైన అభిప్రాయం. తేలిక చేయవలసింది దాన్ని ఎక్కే మెట్లను.

పుస్తకాన్ని తగ్గించకుండా మెట్లను పెంచవచ్చని నిరూపించిన బడులు ఉన్నాయి. న్యూయార్క్ నగరంలోని లాగ్వార్డియా కమ్యూనిటీ కాలేజీలో 1985లో మొదలైన ఇంటర్నేషనల్ హైస్కూలు కొత్తగా వచ్చిన విద్యార్థుల కోసమే ఏర్పడింది. అక్కడ భాషను విడిగా ఒక గంట నేర్పి వదిలేయరు. సైన్సు ఉపాధ్యాయుడూ లెక్కల ఉపాధ్యాయుడూ కూడా భాషను నేర్పే బాధ్యత తీసుకుంటారు. వేర్వేరు మాతృభాషల పిల్లలు కలిసి ఒక పని పూర్తి చేయాలి, ఆ పనిలో వారి భాషలన్నిటికీ చోటు ఉంటుంది. బయటి సంస్థల్లో ఇంటర్న్‌షిప్ చేయడం కూడా చదువులో భాగమే. ఆ నమూనా తరువాత మరిన్ని బడులకు విస్తరించింది.

మాతృభాష గురించి ఇంకొక మాట. ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడమని కుటుంబాలకు సలహా ఇచ్చే ఉపాధ్యాయులు ఇప్పటికీ కనిపిస్తారు. దయచేసి మీరు ఆ సలహా ఇవ్వకండి. తల్లిదండ్రులకు అరకొరగా వచ్చిన భాషలో పిల్లలతో మాట్లాడితే ఇంట్లో మాట సన్నబడిపోతుంది. లోతైన విషయాలు మాట్లాడుకోవడం ఆగిపోతుంది. ఒక భాషలో వాదించడం, కారణం చెప్పడం, కథను క్రమంగా నడపడం వచ్చినవాడికి ఆ శక్తులు రెండో భాషలోకి కూడా బదిలీ అవుతాయి. స్వీడన్‌లో 1977 నుంచి వలస కుటుంబాల పిల్లలకు మాతృభాష బోధించే ఏర్పాటు ప్రభుత్వ విద్యావిధానంలోనే ఉంది. అవసరమైన పిల్లలకు ఇతర పాఠాలను మాతృభాషలో వివరించే సహాయకులనూ ఇస్తారు. మీ విద్యార్థి గణిత సామర్థ్యాన్ని అతని సొంత భాషలో ఒక్కసారి పరీక్షించి చూడమని బడిని అడగండి. భాష అడ్డం తొలగించి చూస్తే ఎంత తెలుసో అప్పుడు బయటపడుతుంది. అలాగే స్వదేశంలో ఎన్నేళ్లు చదివాడో, మధ్యలో చదువు ఆగిందా అని కనుక్కోండి. చదువు ఆగకుండా సాగినవాడికి కావలసింది భాష మాత్రమే. యుద్ధం వల్లో ప్రయాణాల వల్లో రెండు మూడేళ్లు బడి ముఖం చూడనివాడికి పునాది పాఠాలు కూడా కావాలి, ఈ ఇద్దరినీ ఒకే గాటన కట్టకూడదు.

ఇక బడితో మాట్లాడే విషయానికి వస్తే, మీరు దయాభిక్ష అడగడం లేదని గుర్తుంచుకోండి. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 28వ అధికరణం ప్రతి బిడ్డకూ విద్యాహక్కును గుర్తిస్తుంది. అమెరికాలో 1974లో లౌ వర్సెస్ నికోల్స్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఈ విషయంలో చదవదగినది. శాన్‌ఫ్రాన్సిస్కోలో సుమారు 1,800 మంది చైనా మూలాల విద్యార్థులకు ఇంగ్లీషు రాకపోయినా ప్రత్యేక సహాయం అందడం లేదు. అందరికీ అవే పుస్తకాలు, అవే ఉపాధ్యాయులు, అదే పాఠ్యప్రణాళిక ఇచ్చినంత మాత్రాన సమానత్వం చూపినట్టు కాదని, భాష అర్థంకాని పిల్లలకు ఆ చదువు అందనట్టేనని కోర్టు స్పష్టం చేసింది. 1982లో ప్లైలర్ వర్సెస్ డో కేసులో, చట్టబద్ధమైన నివాస పత్రాలు లేవన్న కారణంతో పిల్లలను ప్రభుత్వ బడికి దూరం చేయడం చెల్లదని అదే కోర్టు చెప్పింది. ఈ తీర్పులు ఆ ఒక్క దేశానికే వర్తిస్తాయి, మీరున్న చోటి చట్టాన్ని మీరు చూసుకోవాలి. కాని ఏ దేశంలోనైనా పనికొచ్చే అలవాటు ఒకటి ఉంది. అడిగేది రాతపూర్వకంగా అడగండి, తేదీ వేయండి, ఒక నకలు కుటుంబం దగ్గర ఉంచండి. నోటిమాటగా అడిగినదానికి నోటిమాటే జవాబు, అది మరుసటి నెలకు ఎవరికీ గుర్తుండదు.

సమావేశంలో ఏమి అడగాలో కూడా ముందే అనుకుని వెళ్లండి. సూచించిన కోర్సులు పూర్తిచేస్తే ఏ ఏ పై చదువులకు అర్హత ఉంటుంది, ఏవి మూసుకుపోతాయి. ఒక టర్ము తరువాత తిరిగి రావాలంటే దారి ఏమిటి. ఇప్పటి కోర్సుల్లోనే ఉంచి పరీక్షలో అదనపు సమయం, ద్విభాషా పదకోశం ఇవ్వడానికి వీలుందా. స్వదేశంలో చదివిన తరగతులకు పూర్తి క్రెడిట్లు లెక్కకట్టారా అని అడగండి. చివరి ప్రశ్నను నేను ఎప్పుడూ వదలలేదు. స్వదేశపు మార్కుల పట్టీ ఎవరికీ అర్థంకాని భాషలో ఉందని పక్కన పడేసి, అప్పటికే చదివిన బీజగణితాన్ని పిల్లలతో మళ్లీ చదివించిన సందర్భాలు నా అనుభవంలోనే ఉన్నాయి. అధికారికంగా అనువాదం చేయించి ఇచ్చిన ఒక కాగితంతో ఒక ఏడాది మిగిలిన విద్యార్థిని నాకు గుర్తుంది. మరొకటి, ఏ వయసు వరకు ఉచితంగా బడిలో కొనసాగవచ్చో తెలుసుకోండి. అమెరికాలో పలు రాష్ట్రాల్లో ఇరవై లేదా ఇరవై ఒకటో ఏడు వరకు అవకాశం ఉంది. నాలుగేళ్ల ఉన్నత పాఠశాల చదువును అయిదో సంవత్సరం కూడా కొనసాగించడాన్ని చాలా కుటుంబాలు తప్పినట్టుగా భావించి సిగ్గుపడతాయి. ఆలస్యంగా వచ్చిన పిల్లవాడికి మాత్రం ఆ ఒక్క సంవత్సరమే అన్నిటికంటే విలువైనది కావచ్చు.

చిన్న వయసులోనే విద్యార్థులను దారులుగా విడదీసే వ్యవస్థల్లో ఈ జాగ్రత్త మరింత అవసరం. జర్మనీలో చాలా రాష్ట్రాల్లో నాలుగో తరగతి తరువాత, అంటే సుమారు పదో ఏట, ఏ రకం బడికి వెళ్లాలో నిర్ణయమవుతుంది. ఆ తరువాత వచ్చిన పిల్లలు అప్పటికే పంచేసిన దారుల్లోకి అడుగుపెడతారు. ఒక దారి నుంచి మరో దారికి మారే మార్గాలు ఉన్నా, ఉన్నాయని తెలిసినవారికే అవి ఉపయోగపడతాయి. వ్యవస్థ గురించి తెలిసిన పెద్ద మనిషి ఒకరు పక్కన ఉండటం వల్ల కలిగే మేలు ఇక్కడే.

తల్లిదండ్రుల సంగతి వద్దాం. నేను కొత్తగా పనిలో చేరినప్పుడు జరిగిన ఒక సమావేశం నా మనసులోంచి పోలేదు. ఉపాధ్యాయుడు మూడు నాలుగు నిమిషాలు మాట్లాడారు. వ్యాసాలు ఇవ్వడం లేదని, రెండు పరీక్షలకు రాలేదని, అయినా మంచి ఆలోచన ఉన్న పిల్లవాడని చెప్పారు. పక్కన కూర్చున్న ఆ అబ్బాయి తల్లివైపు తిరిగి ఒకే ఒక్క వాక్యం చెప్పాడు. ఆవిడ చిరునవ్వుతో తలూపి, మాకందరికీ చేతులు జోడించి వెళ్లిపోయింది. ఆ వాక్యమేమిటో మాకెవరికీ తెలియదు, ఆవిడకు మా మాటల్లో ఒక్కటీ చేరలేదన్నది మాత్రం తెలుస్తూనే ఉంది. పిల్లవాడిని తన గురించి తనే చెప్పుకోవలసిన దుబాసీగా కూర్చోబెట్టిన తప్పు మాది. ఆ రోజు తరువాత నేను దుబాసీ లేకుండా ఒక్క సమావేశం కూడా జరపలేదు. వాళ్లు షిఫ్టుల్లో ఉంటే ఫోను ద్వారా జరిపాను, పనికి వెళ్లే ముందు పొద్దున్నే జరిపాను. బడికి రాని తల్లిదండ్రులకు పిల్లల చదువు మీద శ్రద్ధ లేదని అనేవారితో నేను ఏనాడూ ఏకీభవించలేదు. ఉపాధ్యాయుణ్ని ప్రశ్నించడం అమర్యాద అని నమ్మే చోటినుంచి వచ్చినవారు మౌనంగా ఉండటం ద్వారానే గౌరవం చూపిస్తారు. ప్రశ్న అడగడమే ఇక్కడ శ్రద్ధకు గుర్తు అని వారికి ఎవరో ఒకరు చెప్పాలి.

ఇంట్లో ఆ అబ్బాయి మోస్తున్న దుబాసీ పని కూడా చదువు మీద పడే భారమే. బ్యాంకు ఉత్తరాలు, ఆసుపత్రి అపాయింట్‌మెంట్లు, ఇంటి అద్దె కాగితాలు, అన్నీ చదువుకోవలసిన వేళల్లోనే వస్తాయి. దానివల్ల అతనికి బాధ్యత, చాకచక్యం అలవడతాయన్నది నిజమే. కాని తల్లి ఆరోగ్యం గురించిన చెడు కబురును పదహారేళ్ల పిల్లవాడి నోట చెప్పించకూడదు. ఆసుపత్రిలో, కోర్టులో, బడిలో వృత్తి దుబాసీని అడిగే అవకాశం ఉందేమో చూసి, ఎలా అడగాలో తల్లిదండ్రులకే నేర్పించండి. మిగిలిన ఉత్తరాలకు వారంలో ఒక సాయంత్రం కేటాయించుకుంటే మిగతా రోజులు అతనివి అవుతాయి.

ఉద్యోగ జీవితం వైపు చూస్తే, వలస కుటుంబాల పిల్లలకు ఆశయం తక్కువని ఎవరైనా అంటే నమ్మవద్దు. ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ (ఓఈసీడీ) వివిధ దేశాల్లోని పదిహేనేళ్ల విద్యార్థులపై నిర్వహించే పీసా సర్వేల్లో, వలస నేపథ్యం ఉన్న విద్యార్థులు పై చదువుల మీద, మంచి ఉద్యోగాల మీద గట్టి ఆశలు పెట్టుకున్నట్టే పదేపదే కనిపించింది. కొరత ఉన్నది ఆశయానికీ, దాన్ని అందుకునే దారికీ మధ్య. ఏ వృత్తికి ఏ సబ్జెక్టులు కావాలో, అవి ఎన్నో ఏట ఎంచుకోవాలో తెలియక, పద్దెనిమిదో ఏట దరఖాస్తు పెట్టబోయేసరికి పదిహేనో ఏట వదిలేసిన లెక్కల కోర్సు అడ్డం పడుతుంది. మరోవైపు, వారికి తెలిసిన వృత్తులు కూడా నాలుగైదే. రేడియోగ్రాఫర్, సర్వేయరు, వినికిడి పరీక్షలు చేసే ఆడియాలజిస్టు, నీటి శుద్ధి కేంద్రంలో పనిచేసే సాంకేతిక నిపుణుడు వంటివారిని ప్రత్యక్షంగా చూస్తే తప్ప అవీ ఉద్యోగాలేనని పిల్లలకు తోచదు.

ఇక్కడే పరిచయాల మాట వస్తుంది. సామాజికశాస్త్రవేత్త మార్క్ గ్రానొవెటర్ 1973లో ప్రచురించిన వ్యాసంలో, పరిచయాల ద్వారా ఉద్యోగం దొరికినవారిలో ఎక్కువమందికి ఆ కబురు అందించింది ఆప్తులు కాదని, అప్పుడప్పుడు మాత్రమే కలిసే ముఖపరిచయస్తులని చూపించారు. ఆప్తులకు మనకు తెలిసిన విషయాలే తెలుసు, దూరపు పరిచయస్తులు వేరే లోకపు కబురు తెస్తారు. వలస కుటుంబానికి ఆప్తులు ఎంత గట్టిగా ఉన్నా, ఈ దూరపు పరిచయాలు దాదాపు ఉండవు. మీ దగ్గర ఉన్నాయి. మీ సహోద్యోగి అన్నయ్య, మీ పాత సహాధ్యాయి, మీ దంతవైద్యుడు, ఇలా ఏడాదిలో అయిదారుగురి దగ్గరికి ఆ అబ్బాయిని తీసుకెళ్లి, ఒక్కొక్కరితో అరగంట మాట్లాడించండి. ఉద్యోగం ఇమ్మని అడగవద్దు. వారి పని ఎలా సాగుతుందో, ఏమి చదివారో, మళ్లీ మొదలుపెడితే ఏమి మార్చుకుంటారో అడగమనండి. ప్రశ్నలు ముందే రాసుకోవడం, కలిసి వచ్చాక కృతజ్ఞత తెలుపుతూ రెండు వాక్యాల ఈమెయిలు పంపడం అతని చేతే చేయించండి. మీరు ఇవ్వగలిగినవాటిలో డబ్బుతో కొనలేనిది ఇదే అని నేను నమ్ముతాను.

రెజ్యూమె రాయించేటప్పుడు ఒక విషయం గమనించండి. వేసవి ఉద్యోగానికి దరఖాస్తు రాస్తున్న ఒక అమ్మాయి అనుభవం అన్న చోట ఖాళీ వదిలేసింది. నిన్న సాయంత్రం ఏమి చేశావని అడిగితే, నాయనమ్మ మందుల వేళలు చూసుకున్నానని, తమ్ముడి బడి ఫారాలు నింపానని, పక్కింటివాళ్లకు విద్యుత్ బిల్లు పొరపాటును ఫోనులో సరిచేయించానని మామూలుగా చెప్పింది. మూడు భాషల్లో అధికారులతో మాట్లాడి పనులు చక్కబెట్టే మనిషికి అనుభవం లేదా? అవన్నీ తగిన మాటల్లో రాశాక ఆ కాగితం నిండిపోయింది. ఇంటర్వ్యూలో తన గొప్ప తాను చెప్పుకోవడం అహంకారమని పెరిగిన పిల్లలకు, జరిగినది జరిగినట్టు చెప్పడం గొప్పలు పోవడం కిందికి రాదని వివరించి, నాలుగైదుసార్లు సాధన చేయించాలి.

వృత్తివిద్యను చిన్నచూపు చూడవద్దు. జర్మనీలో బడి చదువునూ సంస్థలో జీతంతో కూడిన శిక్షణనూ జోడించే అప్రెంటిస్‌షిప్‌లు సాధారణంగా రెండు నుంచి మూడున్నరేళ్లు సాగుతాయి, వాటి ద్వారా స్థిరపడినవారు ఎందరో ఉన్నారు. అక్కడ చూడవలసిందల్లా ఆ శిక్షణకు గుర్తింపు ఉన్న సర్టిఫికెట్ వస్తుందా, దాని తరువాత పైకి చదివే వీలుందా, పిల్లవాడు ఇష్టపడి ఎంచుకుంటున్నాడా అన్నదే. ఇష్టంతో వెళ్లడం వేరు, భాష చాలలేదని నెట్టివేయబడటం వేరు.

డబ్బు విషయాన్ని పైపైన వదిలేయలేం. ఇంటికి సాయంగా పని చేయవలసిన అవసరం నిజమైనది, దాన్ని మానమని చెప్పే హక్కు మనకు లేదు. అయితే వారంలో ఎన్ని గంటలు, పరీక్షల ముందు తగ్గించుకునే వీలుందా, బడి ఉన్న రోజుల రాత్రి షిఫ్టు తప్పించవచ్చా అన్నది కుటుంబంతో కూర్చుని మాట్లాడవచ్చు. టొరంటోలోని రీజెంట్ పార్క్ ప్రాంతంలో 2001లో మొదలైన పాత్‌వేస్ టు ఎడ్యుకేషన్ కార్యక్రమం ఈ సంగతిని బాగా అర్థం చేసుకుంది. అల్పాదాయ కుటుంబాలు, వాటిలో వలస కుటుంబాలు ఎక్కువగా ఉన్న ఆ ప్రాంతంలో ట్యూషనూ మెంటరూ మాత్రమే ఇచ్చి ఊరుకోలేదు. బడికి వెళ్లడానికి ప్రయాణ టికెట్లు, పై చదువుల కోసం దాచిపెట్టే సొమ్ము, ఇంటికీ బడికీ మధ్య తిరిగే ఒక కార్యకర్త, ఇవన్నీ కలిపి ఇచ్చింది. ఒక్కటి ఇచ్చి మిగిలినవి వదిలేస్తే, వదిలేసినచోటే పిల్లవాడు ఆగిపోతాడు.

నివాస హోదా సంగతిని పదహారో ఏటనే తేల్చుకోవాలి, ఆలస్యం చేయకూడదు. పై చదువుల ఫీజు, ప్రభుత్వ రుణం, స్కాలర్‌షిప్ అర్హత, పనిచేసే అనుమతి అన్నీ దానిమీదే ఆధారపడతాయి. ఉదాహరణకు అమెరికాలో తల్లి లేదా తండ్రి ఉద్యోగ వీసా మీద ఆధారపడిన హెచ్4 హోదాలో ఉన్న పిల్లలకు ఇరవై ఒకటో ఏట ఆ ఆధారం తెగిపోతుంది. మీరు న్యాయవాది కాకపోతే సలహా ఇవ్వకండి, గుర్తింపు ఉన్న వలస న్యాయ సహాయ కేంద్రానికి తీసుకెళ్లండి. పిల్లవాడు తన హోదా గురించి మీకు చెబితే ఆ మాటను మీ దగ్గరే ఉంచుకోండి, బడివారితో కూడా అతని అనుమతి లేకుండా అనకండి.

మనసు సంగతి తక్కువ మాటల్లోనే చెబుతాను, ఎందుకంటే దానికి ఉపాయాల కంటే ఓపిక ఎక్కువ కావాలి. పద్నాలుగేళ్ల వయసులో ఊరు మారడమంటే స్నేహితులనూ, తరగతిలో తనకున్న పేరునూ, హాస్యంగా మాట్లాడగలిగిన భాషనూ ఒకేసారి పోగొట్టుకోవడం. మంచి విద్యార్థిగా పేరున్నవాడు ఇక్కడ నత్తినత్తిగా మాట్లాడే కొత్తవాడవుతాడు. దానిగురించి అతను ఎప్పుడైనా మాట్లాడితే వినండి. నిద్ర పట్టడం లేదన్నా, బడి మానడం మొదలుపెట్టినా, దేనిమీదా ఆసక్తి చూపకపోయినా ఆలస్యం చేయకుండా నిపుణుల సహాయం అడగండి.

మీ గురించి కూడా ఒక మాట. మొదటి నెల ఉత్సాహంగా వారానికి అయిదు రోజులు వచ్చి, మూడో నెలలో కనిపించకుండా పోయే సహాయకులను నేను చాలామందిని చూశాను. ఆ పిల్లలు అప్పటికే ఎందరినో వదులుకుని వచ్చినవారు. వారానికి ఒక్క గంటే అయినా రెండేళ్లపాటు అదే రోజు, అదే వేళకు మీరు రాగలిగితే అది ఎక్కువ.

ఇప్పుడు ఈ నెలలో చేయవలసినవి. ఈ వారమే కోర్సుల మార్పును ఆపి ఉంచమని, సమావేశం ఏర్పాటు చేయమని కోరుతూ తల్లిదండ్రుల సంతకంతో ఒక ఉత్తరం ఇప్పించండి. స్వదేశపు మార్కుల పట్టీలు వెతికించి అనువాదానికి పంపండి. గత రెండు సైన్సు పరీక్షల, రెండు చరిత్ర పరీక్షల జవాబుపత్రాలను అతనితో కలిసి మళ్లీ చూసి, ఎక్కడ విషయం తెలియలేదో, ఎక్కడ ప్రశ్న అర్థంకాలేదో రెండు రంగుల్లో గుర్తు పెట్టించండి. సమావేశానికి ఆ జవాబుపత్రాలనే తీసుకెళ్లండి, వాటికంటే గట్టి వాదన మీ దగ్గర ఉండదు. ఉత్తరంలోనే దుబాసీని కూడా అడగండి, తల్లిదండ్రుల షిఫ్టుకు కుదిరే వేళను మీరే సూచించండి. ఆ రోజు గదిలో కుర్చీలు వేసేటప్పుడు దుబాసీ కుర్చీ తల్లి పక్కన ఉండేలా చూడండి. ఆ అబ్బాయిని మీ పక్కన, తన చదువు గురించి తాను మాట్లాడవలసిన విద్యార్థిగా కూర్చోబెట్టండి.